టెస్లా నిచ్చెన లెక్క: 52 వారాల గరిష్ఠంతో మరో ప్రయత్నం

షేరు పడేకొద్దీ మెట్లు మెట్లుగా కొనడానికి నేను కొత్తగా తిరగరాసిన నిచ్చెన నియమం కూడా నిలబడలేదు. లోపం ఎక్కడుందో ఈసారి దొరికిందని గట్టిగా నమ్మాను కాబట్టి విసుగు మరింత ఎక్కువగా ఉంది. అమెరికా విద్యుత్ కార్ల కంపెనీ టెస్లా షేరును పదేళ్లకు పైగా ఉంచుకోదలచిన నాకు ఎప్పుడు అమ్మాలన్నది పెద్ద ప్రశ్న కాదు. కొబ్బరి దింపుల్లో ఖర్చులు పోగా మిగిలే డబ్బును ఏ పతనంలో, ఎన్ని భాగాలుగా పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

గరిష్ఠ ముగింపు ధర నుంచి షేరు 30, 40, 50, 60, 70 శాతం పడినప్పుడల్లా ఒక్కో మెట్టు చొప్పున సమాన మొత్తాలతో కొనాలన్నది మొదటి నియమం. కింద ఇచ్చిన ధరలన్నీ 2020, 2022లో కంపెనీ ఒక్కో షేరును కొన్నిగా విభజించినదానికి సర్దుబాటు చేసినవే. 2021 నవంబరు 4న ముగింపు ధర 409.97 డాలర్లు కాబట్టి మెట్లు 287, 246, 205, 164, 123 డాలర్ల దగ్గర పడ్డాయి. 2023 జనవరి 3న ధర 108.10కి దిగింది, అంటే పతనం 73.6 శాతం. అయిదు మెట్లూ నిండి సగటు కొనుగోలు ధర 188 డాలర్ల దగ్గర తేలింది. ఆ మధ్యలో రూపాయి బలహీనపడినందువల్ల మన లెక్కలో పతనం దాదాపు 71 శాతమే. అంతవరకు నిచ్చెన బాగానే పనిచేసింది.

చిక్కంతా ఆ తర్వాతే మొదలైంది. పాత గరిష్ఠాన్ని షేరు మళ్లీ దాటింది 2024 డిసెంబరులో మాత్రమే. మెట్లన్నీ అప్పటికే వాడేసినందువల్ల 2024 ఏప్రిల్ 22న ధర 142.05కి పడినప్పుడు, అది గరిష్ఠానికి 65 శాతం కిందనే ఉన్నా, నా లెక్కల షీటు ఏమీ చెప్పలేదు. దానికి పూర్తిగా వ్యతిరేకమైన వైఫల్యం మరుసటి పతనంలో ఎదురైంది. 2024 డిసెంబరు 17న 479.86 దగ్గర ముగిసిన షేరు 2025 ఏప్రిల్ నాటికి 222 దాకా వచ్చింది. ఇది 54 శాతం పతనం కాబట్టి మూడు మెట్లే నిండాయి, మిగిలిన రెండు భాగాల డబ్బు కదలకుండా ఉండిపోయింది.

అందుకే ఈసారి మొత్తం చరిత్రలోని గరిష్ఠానికి బదులు గడచిన 52 వారాల గరిష్ఠాన్ని ఆధారంగా తీసుకున్నాను. 2023 జూలైలో నమోదైన 293.34 ఆధారమైతే మొదటి మూడు మెట్లు 205, 176, 147 దగ్గర పడతాయి. కాగితం మీద ఇది చక్కగా ఉంది. అయితే 2023 అక్టోబరు 30న షేరు ఒక్కరోజులో దాదాపు 5 శాతం పడి 197.36 దగ్గర ముగిసింది, ముగింపు ధరలతో నడిచే నా లెక్కలో 205 దగ్గర కొనే అవకాశమే రాలేదు. మెట్టు దాటిన రోజు ముగింపు ధరకే కొన్నట్టు లెక్కవేస్తే మూడింటి సగటు 168 వచ్చింది. పతనం తొందరగా జరగడం ఇక్కడ మనకు మేలే చేసింది కాబట్టి దీన్ని నియమపు గొప్పతనంగా రాసుకోవడం నాకు ఇష్టం లేదు. పైగా 2025 పతనంలో ఇదీ పాత నియమంలాగే మూడు మెట్ల దగ్గరే ఆగింది.

మెట్లను 20 శాతం నుంచే మొదలుపెట్టి 60 దగ్గర ముగిస్తే ఏమవుతుందో కూడా చూశాను. 2025లో నాలుగు మెట్లు నిండుతాయి గాని వాటి సగటు 283 నుంచి 303 డాలర్లకు పెరుగుతుంది. 2022లోనైతే సగటు 188 నుంచి 232కు ఎగబాకుతుంది. ఖాళీగా ఉన్న డబ్బును పనిలో పెట్టడానికి ప్రతి షేరు మీద 44 డాలర్లు ఎక్కువ ఇవ్వడం సరైన బేరం కాదని నా అభిప్రాయం.

మూడో ఊహ భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావమరిది మాట నుంచి పుట్టింది. "బావా, రేటు పడిందంటే ముందు చెరువులోకి దిగి చూస్తాం. రొయ్యకు జబ్బా, కొనేవాళ్లు రేటు తగ్గించారా అన్నది తేలాకే మేత సంగతి" అన్నాడు. అలాగే కంపెనీ పనితీరు బాగున్నప్పుడే మెట్టు తెరుచుకోవాలని షరతు పెట్టాను. 2022లో డెలివరీలు, అంటే కొన్నవారికి అందించిన కార్లు, 9.36 లక్షల నుంచి 13.1 లక్షలకు పెరిగాయి, స్థూల లాభం అమ్మకాల్లో 25.6 శాతం. షేరు మాత్రం ఆ ఏడాది 65 శాతం పడింది. షరతు ఇక్కడ అద్భుతంగా నెగ్గింది. 2024 మొదటి త్రైమాసికంలో డెలివరీలు అంతకుముందు ఏడాది కంటే 8.5 శాతం తగ్గి 3,86,810 దగ్గర ఆగాయి. లాభశాతం కూడా జారుతోంది కాబట్టి 142 దగ్గర కొనవద్దని షీటు చెప్పింది. అక్కడి నుంచి ఎనిమిది నెలల్లో షేరు మూడింతలకు పైగా అయింది. ఏడాది మొత్తం మీద డెలివరీలు ఒక శాతం తగ్గగా షేరు 62 శాతం పెరిగింది. ఇలాంటి షేరుకు డెలివరీల సంఖ్యను కాపలా పెట్టడం కుదరదని తేలిపోయింది. బహుశా మార్కెట్టు కార్ల కంటే డ్రైవరులేని టాక్సీల ఆశకే ఎక్కువ విలువ కడుతోంది, దాన్ని కొలిచే సంఖ్య నా షీటులో లేదు.

డబ్బు పంపడంలోనూ ఒక చిక్కుంది. మెట్టు తగిలిన రోజు బ్యాంకులో విదేశాలకు డబ్బు పంపే ఏ2 ఫారం మీద, విదేశీ షేర్ల కొనుగోలుకని తెలిపే ఎస్0001 కోడు రాసి ఇచ్చినా, డాలర్లు ఖాతాలో పడడానికి రెండు పనిదినాలు పడుతుంది. స్థిర రుసుము, మారకపు రేటులోని తేడా కలిపి 50,000 రూపాయలు పంపితే దాదాపు 2.4 శాతం, రెండు లక్షలు పంపితే 1.5 శాతం పోతోంది. ముందే పెద్ద మొత్తం పంపి ఉంచుదామంటే, పెట్టుబడి పెట్టని డాలర్లను 180 రోజుల్లోగా వెనక్కి తేవాలన్న నిబంధన ఉంది. ఖాళీ మెట్లు నన్ను ఇంతగా వేధించడానికి కారణం ఇదే.

ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూలును క్యాలెండరు సంవత్సరం ప్రకారం నింపడం ఈసారి సజావుగా ముగిసింది.

పనిముట్ల విషయానికొస్తే, డబ్బు తీసుకునే యాప్‌ల చార్టుల కంటే గూగుల్ షీట్స్‌లోని గూగుల్‌ఫైనాన్స్ ఫార్ములాయే నాకు మేలనిపిస్తుంది, ఎందుకంటే నియమాన్ని మార్చిన మరుక్షణం పాత పతనాలన్నిటి మీదా దాన్ని పరీక్షించవచ్చు. రోజువారీ కదలికను రెట్టింపు చేసే ఫండ్లు దీర్ఘకాలానికి పనికిరావు. ఇలా ఊగే షేరులో అవి ఎగుడుదిగుళ్లకే అరిగిపోతాయి.

ఇక ముందు 52 వారాల ఆధారాన్ని ఉంచి, కంపెనీ సంఖ్యలను మెట్టు తెరవడానికి కాక మెట్టు పరిమాణం నిర్ణయించడానికి మాత్రమే వాడి చూస్తాను: సంఖ్యలు బాగుంటే ఒకటిన్నర భాగం, లేకపోతే అరభాగం. ఖాళీ మెట్ల డాలర్లను స్వల్పకాలిక అమెరికా ప్రభుత్వ బిల్లుల ఈటీఎఫ్‌లో (షేరులా కొనీ అమ్మే ఫండులో) ఉంచితే 180 రోజుల చిక్కు తీరుతుందేమో మా ఆడిటరు గారిని అడగాలి. ఓలా ఎలక్ట్రిక్‌కు కూడా ఒక షీటు మొదలుపెట్టాను. 2024 ఆగస్టులో 76 రూపాయలకు ఇష్యూకు వచ్చి అదే నెలలో 157 దాటి, తర్వాత ఇష్యూ ధరకన్నా కిందికి దిగిన ఆ షేరు మీద ఇదే నిచ్చెన ఎలా నడుస్తుందో చూడాలి. 2025 మేలో లిస్టయిన విద్యుత్ స్కూటర్ల కంపెనీ ఏథర్ షేరుకు ఇంకా తగినంత చరిత్ర లేదు కాబట్టి దాని ధరలను ప్రస్తుతానికి నమోదు చేస్తూ పోతాను. వచ్చే దింపు డబ్బు చేతికొచ్చేలోగా పరిమాణపు లెక్కను 2022 పతనం మీద పూర్తిచేయాలి.