డెంకాలి ఎక్కడుంది సార్?

మార్కాపురంలో పలకరాతి ముక్కలకు కొదవ లేదు. ఫ్యాక్టరీల వెనక గుట్టలు గుట్టలుగా పడి ఉండేవి. 1979లో తొమ్మిదో తరగతిలో ఉన్న మేం వాటిల్లోంచి అంగుళమంత ముక్కలు ఏరుకొచ్చి, మేకుతో పుర్రె బొమ్మ చెక్కి, సిరా పూసి ముంజేతికి అద్దుకునేవాళ్లం. కాస్త లోతుగా గీస్తే రాయి పొరలుగా లేచిపోయేది. ఇంకో ముక్క తీసుకుని మళ్లీ మొదటి నుంచి చెక్కాలి. ఆ కష్టమంతా ఫాంటమ్ కోసం. కామిక్స్ కథల్లో అడవిలో ఉండే ముసుగు వీరుడతను, అతని ఉంగరం మీద పుర్రె గుర్తు ఉంటుంది.

అతని కథలు వేసే ఇంద్రజాల్ కామిక్స్, 1964లో మొదలైనవి, మా ఊరి అద్దె పుస్తకాల కొట్టుకూ వచ్చేవి. రోజుకు పది పైసలు. చిరిగిపోకుండా కొట్టాయన వాటికి దళసరి అట్ట వేసి, సుతిలి దారంతో బిగించి కుట్టేవాడు. ఆ కుట్టులోకి ప్రతి పేజీ లోపలి అంచు వెళ్లిపోయేది. ఫాంటమ్ నోటి మాటలు సగం అందులోనే ఉండిపోయేవి. పుస్తకాన్ని వెనక్కి విరిచి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఒకడు చదువుతుంటే, మిగిలిన మాట ఏమై ఉంటుందో చుట్టూ ఉన్న నలుగురం ఊహించేవాళ్లం. నాకు ఇంగ్లీషు వచ్చిందంటే ఆ మింగేసిన అక్షరాల కోసం వెతకబట్టే.

ఫాంటమ్‌కు జంతువులను లోబరుచుకునే మంత్రం ఉందని చిన్న తరగతుల పిల్లలు నమ్మేవాళ్లు. మంత్రమేమీ లేదు. తెల్ల గుర్రం హీరో, తోడేలు డెవిల్, ఇద్దరూ అతని నేస్తాలు. అన్నిటికన్నా నన్ను పట్టేసింది ఈడెన్ దీవి. అక్కడ పులి, సింహం, జింక ఒకచోటే తిరుగుతాయి. కూనలుగా ఉన్నప్పుడే తెచ్చి, చేపలు తినడం అలవాటు చేసి, కలిపి పెంచాడు. ఆ బొమ్మల దగ్గర నేను పేజీ తిప్పేవాణ్ణి కాదు. కొట్టి లొంగదీసినవాడు కాదు, తిండి పెట్టి పెంచుకున్నవాడు. నా దృష్టిలో అతని బలమంతా అదే, ఇప్పటికీ.

ఫాంటమ్ ఉండే అడవి డెంకాలి అనే దేశంలో ఉంది. అది ఎక్కడుందన్న దగ్గర క్లాసు రెండుగా చీలిపోయింది. హోసూరులో చుట్టాలున్న ఒకడు, అక్కడికి దగ్గర్లో డెంకణికోట ఉంది కాబట్టి అదే ఇది అన్నాడు. మరుగుజ్జు బందార్ తెగవాళ్లు విషపు బాణాలు వేస్తారు కాబట్టి ఆఫ్రికానే అని మేం. తేలక, సోషల్ మాస్టారి దగ్గరికి వెళ్లాం. పుస్తకం లాక్కుంటారేమోనన్న భయం ఉన్నా వెళ్లాం.

ఆయన దాన్ని కుర్చీలో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. మరుసటి పీరియడ్‌లో అట్లాస్ తెచ్చి, "మనుషుల్ని పక్కన పెట్టండ్రా, జంతువుల్ని చెప్పండి" అన్నారు. మేం చెబుతుంటే బోర్డు మీద రాశారు. సింహం: ఆఫ్రికా, మన దగ్గర ఒక్క గిర్. గొరిల్లా: ఆఫ్రికా. పులి దగ్గరికి వచ్చి సుద్దముక్క ఆపేశారు. "ఆఫ్రికా అడవుల్లో పులి లేదు. ఆసియాలోనే. మరి ఇక్కడికెలా వచ్చిందిరా?" ఎవరికీ తెలియదు.

"సరే, మన నల్లమలలో ఏమున్నాయో చెప్పండి" అన్నారు. దోర్నాల వైపు చెంచుగూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒకడు మాతో ఉండేవాడు. అడిగితే తప్ప మాట్లాడేవాడు కాదు. ఆ రోజు లేచి నిలబడ్డాడు. పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి, దుప్పి, కణితి, రేచుకుక్క, ముళ్లపంది... వాడు చెబుతూనే ఉన్నాడు, బోర్డు సగం నిండింది. చివర్న పుస్తకంలో డెవిల్ బొమ్మ మీద వేలు పెట్టాడు. "ఇది మా అడవి లోపల ఉండదు సార్. గొర్రెల మందలు తిరిగే మెట్టల్లో ఉంటది." మాస్టారు వాడి భుజం తట్టి, అది కూడా బోర్డు మీద రాశారు. ఆ పీరియడ్ తర్వాత మేమందరం వాడి చుట్టూ చేరాం. నల్లమల గురించి మాకు తెలిసిన కాస్తా వాడు చెప్పిందే. 1983లో ఆ అడవి ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చిందని పేపర్లో చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది వాడే.

పులి లెక్క నాకు ఇరవయ్యేళ్ల తర్వాత తేలింది. హైదరాబాదులో ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద ఆదివారం పాత పుస్తకాల్లో ఇంద్రజాల్ కట్ట ఒకటి దొరికింది. దాంతో మళ్లీ పిచ్చి పట్టి, దొరికిందల్లా చదివాను. లీ ఫాక్ అనే అమెరికన్ 1936 ఫిబ్రవరి 17న ఫాంటమ్‌ను దినపత్రికల్లో మొదలుపెట్టి, 1999లో చనిపోయే దాకా కథలు రాస్తూనే ఉన్నాడు. మొదట్లో ఆ అడవి ఆసియాలోనే ఉంది! తర్వాత్తర్వాత కథ ఆఫ్రికాకు మారింది. దేశం అసలు పేరు బెంగాల్లా. మన బెంగాల్‌ను తలపిస్తుందనే ఇంద్రజాల్ వాళ్లు దాన్ని డెంకాలిగా మార్చారు. సింగ్ అనే సముద్రపు దొంగలను కూడా ఇక్కడ సింగా అన్నారు. అందుకే మా అట్లాస్‌లో ఎంత వెతికినా దొరకలేదు. దేశం మారింది, పేరు మారింది, పులి మాత్రం కథలో అలాగే ఉండిపోయింది.

రిటైరై గిద్దలూరులో ఉంటున్న మాస్టారికి ఇదంతా నాలుగు పేజీల ఉత్తరం రాశాను. పది రోజులకు కార్డు వచ్చింది. అదే గుండ్రటి చేతిరాత.

"చిరంజీవికి ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పులి ఆసియా నుంచి ఆఫ్రికాకు ఓడలో వెళ్లిందన్నమాట. దారి పొడుగునా చేపలే పెట్టి ఉంటాడు."