తాడిపత్రి బండలు, మా పలకలు

ఆదివారం. అనంతపురంలో ఇంటికి వచ్చినాను కదా అని పొద్దున్నే తాడిపత్రి పోయొచ్చినా. బావ తన పాలిష్ బండల ఫ్యాక్టరీలో కొత్త కట్టర్ పెట్టించినాడు, చూసి పొమ్మని ఒకటే ఫోన్లు. నేను బెంగళూరులో క్వార్ట్జ్ అనే స్ఫటికాన్ని ఫోన్ల లాంటి వాటికి సన్న పలకలుగా కోసే యూనిట్‌లో పనిచేస్తానని ఆయనకు తెలుసు. ఆ పనేందో మాత్రం ఈరోజే అడిగినాడు.

"మేం కోసేదీ రాయే, మీరు కోసేదీ రాయే. దానికి అంత చదువెందుకప్పా?"

కట్టర్ మోతలో మాట వినపడదని బయట వేపచెట్టు కిందికి పోయినాం. నాపరాయికి పొడవు, వెడల్పు, మందం చూస్తే చాలు. మాకు అన్నిటికన్నా ముందు చూడాల్సింది వాలు. స్ఫటికంలో అణువులు ఒక వరసలో ఉంటాయి. ఆ వరసకు ఎంత వాలుగా కోస్తామో దాన్నిబట్టి పలక గుణం మారిపోతుంది. 1934 నుంచి వాడుకలో ఉన్న, ఏటీ అని పేరున్న కోతకు వాలు సుమారు 35 డిగ్రీల 15 నిమిషాలు. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం. అట్లాంటివి రెండు మూడు తేడా వచ్చినా ఎండకూ చలికీ ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు ఇస్తే పలక సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, జరిగే తీరే వేరైపోతుంది. అందుకే ఎక్స్‌రేతో కోణం చూసుకోనిదే రంపం పెట్టం.

పర్సులో విరిగిన పలక ముక్క ఉంటే చేతికిచ్చినా. 16 మెగాహెర్ట్జ్‌ది, మందం మిల్లీమీటరులో పదో వంతుకు కొంచెం ఎక్కువ. కరెంటు ఇస్తే పై ముఖం ఒక పక్కకు, కింది ముఖం ఇంకో పక్కకు సెకనుకు కోటీ అరవై లక్షల సార్లు జరుగుతాయి. బావ దాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టి, గోటితో అంచు తడిమి, "పాలిష్ పట్టలేదే?" అన్నాడు. నాకు భలే సంతోషమైంది. చూసిన వాళ్లంతా గాజుముక్క అంటారు, ఈయన ముందు పైభాగం చూసినాడు. రెండు ఇనుప పళ్లేల మధ్య పొడి వేసి అరగదీస్తాం, అది ల్యాపింగ్. రంపం వల్ల, పొడి వల్ల వచ్చిన సన్న పగుళ్లు పైన మిగిలిపోతే పలక నిలకడగా ఉండదు, పోనుపోను ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. ఆ పొరను రసాయనంలో కరిగించి తీసేస్తాం. ఆ తర్వాతే వెండి పూత.

"మన గుట్టల మీద పలుగురాళ్లు బండ్లకొద్దీ ఉండాయి కదా, అవి కోయరాదా?"

మంచి ప్రశ్న. పలుగురాయిలో చిన్న చిన్న స్ఫటికాలు కలిసిపోయి, తలా ఒక దిక్కుకు తిరిగి ఉంటాయి. స్ఫటికాన్ని ఒత్తితే కరెంటు పుడుతుందని 1880లో క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టినారు. ఆ కరెంటు ఒక స్ఫటికంలో ఇటు పుడితే పక్కదాంట్లో అటు పుడుతుంది, దానికి దీనికి చెల్లు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రెజిల్ నుంచి మంచి సహజ స్ఫటికాలు తెప్పించి కోసినారు. ఇప్పుడు ఆటోక్లేవ్ అనే మూత బిగించిన ఉక్కు పాత్రలో, వేడికీ ఒత్తిడికీ వారాల తరబడి పెంచినవే కోస్తాం.

నాకు ఈ పనంటే ప్రాణం. ఫోన్‌లో చిప్పు గురించి అందరూ మాట్లాడతారు, దానికి లయ తప్పకుండా చూసే ఈ పలకను ఎవరూ తలచరు.

డిప్లొమా చదివే అల్లుడు అంతా వింటూ నిలబడినాడు. వాచీలోదీ ఇదేనా అని అడిగినాడు. రాయి అదే, ఆకారం వేరే. రెండు కొమ్ముల చిన్న ఫోర్క్, సెకనుకు 32,768 ఊపులు. పదిహేను సార్లు సగం చేస్తూ పో, ఒకటి వస్తుంది అన్నా. వాడు అక్కడే ఫోన్‌లో లెక్క వేసి చూసుకున్నాడు. యూనిట్‌కు వస్తానన్నాడు. ఎక్స్‌రే గదిలోకి రానీయరు. రంపం, ల్యాపింగ్ చూపించడానికి రేపే మేనేజర్‌ను అడగాల.