ఎక్సెల్ గళ్ళు వంగిన వేసవి

నా ఎడమ కంటికి వచ్చిన జబ్బు పేరు సెంట్రల్ సీరస్ కోరియోరెటినోపతి. నోరు తిరగదు కాబట్టి కంటి డాక్టర్లు సైతం సీఎస్ఆర్ అనేస్తారు. ఎక్కువగా ఇరవై నుంచి యాభై ఏళ్ళ మధ్య మగవాళ్ళకు, అందులోనూ పనిని నెత్తిన పెట్టుకుని తిరిగే రకానికి వస్తుందట. నాకు నలభై మూడు. హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఇంతకంటే సరిపోయే కేసు వాళ్ళకు దొరకదు.

మార్చి ఆఖరి వారంలో మొదలైంది. ఇయర్ ఎండింగ్ హడావుడి. బ్యాంకు రీకన్సిలియేషన్ షీటు తెరిచి కూర్చుంటే ఒకచోట ఎక్సెల్ గళ్ళ గీతలు లోపలికి వంగి కనిపించాయి. మానిటర్ పాడైందనుకుని పక్క సీటు కుర్రాణ్ని పిలిచాను. "బాగానే ఉంది కదా సార్" అన్నాడు. కుడి కన్ను మూసి చూస్తే అసలు సంగతి బయటపడింది. చూపుకి సరిగ్గా మధ్యలో, నీళ్ళచుక్క పడిన కాగితంలా ఒక గుండ్రటి మసక. ఆ మసకలో అంకెలు చిన్నవైపోయాయి. 8కీ 3కీ తేడా తెలియలేదు. తెల్లగోడ ఆ కంటికి కాస్త పసుపుగా కనబడింది. లెక్కలు రాసుకు బతికేవాడికి అంతకంటే భయం ఏముంటుంది?

మర్నాడే కంటి ఆసుపత్రికి వెళ్ళాను. చుక్కలు వేసి, కంటి లోపలి పొరలు చూపే ఓసీటీ స్కాన్ తీశారు. ఆ బొమ్మలో రెటీనా, అంటే కంటి వెనక తెర, పొరలు పొరలుగా, చదునుగా కనబడాలి. నా ఎడమకంట్లో ఆ పొరల కింద చిన్న గుట్ట లేచి ఉంది. గుట్ట నిండా నీరు. కంటి వెనక రక్తనాళాలుండే పొర నుంచి ఊరి, మాక్యులా కిందికి చేరిందని డాక్టరమ్మ చెప్పారు. మనం చదివేది, మనుషుల మొహాలు పోల్చుకునేది కంట్లో ఆ కాస్త చోటుతోనే.

తర్వాత ఆమె అడిగినవన్నీ కంటికి సంబంధం లేని ప్రశ్నల్లా అనిపించాయి. ఎన్ని గంటలు నిద్రపోతారు? ఐదు, అదీ ముక్కలు ముక్కలుగా. గురక ఉందా? లేదని మా ఆవిడ సాక్ష్యం. స్టెరాయిడ్లు వాడుతున్నారా? లేదన్నాను. "ముక్కులో కొట్టుకునే స్ప్రే? చర్మానికి రాసుకునే ఆయింట్‌మెంటు?" అని విడమరిచి అడిగారు. డస్ట్ ఎలర్జీకి స్ప్రే వాడుతున్నాను. అది స్టెరాయిడే. టెన్షన్‌లో ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను కూడా అదే జాతిదట. బయటి నుంచి వచ్చినా లోపల తయారైనా ఈ జబ్బుకి అది పడదు. బీపీ చూస్తే 152/96. దానికి ఫిజీషియన్ చిన్న డోసు మాత్ర మొదలుపెట్టారు. స్ప్రే మార్పించారు.

కంటికి మాత్రం మందేమీ రాయలేదు. "చాలామందికి మూడు నాలుగు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే లేజరు సంగతి అప్పుడు చూద్దాం. ఈలోగా నిద్రపోండి" అన్నారు. నేను నమ్మలేనట్టు చూశాను కాబోలు, "పిల్లలకు సెలవులిస్తారు కదండీ, ఎక్కడికైనా వెళ్ళి పడుకోండి. ఊళ్ళు చూడ్డానికి కాదు" అని కలిపారు. ఒక గళ్ళకాగితం ఇచ్చి, రోజూ ఒక్కో కన్నూ మూసి మధ్య చుక్కని చూడమన్నారు. గీతలు ఇంకా వంగితే వెంటనే రమ్మన్నారు. ఆమ్‌స్లర్ గ్రిడ్ అంటారు దాన్ని. నాకైతే ఎక్సెల్ షీటు ఇంటిదాకా వెంటపడి వచ్చినట్టే ఉంది.

"ఊళ్ళు చూడ్డానికి కాదు" అన్న మాట నాకు బాగా తగిలింది. అంతకుముందు ఏడు ఊటీ ప్యాకేజీ టూరుకి వెళ్ళాం. తెల్లారి ఐదున్నరకి బస్సు, పాయింటుకి ఇరవై నిమిషాలు, ఫొటోలు, మళ్ళీ బస్సు. మధ్యలో ఆఫీసు వాట్సాప్. తిరిగొచ్చాక దాని అలసట తీర్చుకోవడానికి ఇంకో లీవు కావాలనిపించింది. అలాంటిదాన్ని సెలవు అనడం నాకిప్పటికీ ఇష్టం లేదు.

అందుకని కోనసీమలో, అంబాజీపేట దగ్గర, మా అక్కావాళ్ళ ఊరికి వెళ్ళాం. మే నెలలో వెయ్యాల్సిన జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల జీఎస్టీ రిటర్న్, వేసేసి, మిగతా పని పక్క సీటు కుర్రాడికి అప్పజెప్పి, గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సు. గుమ్మంలో అడుగుపెట్టగానే అక్క అన్న మొదటి మాట: "ఏరా, కన్ను పోతుందంటే గానీ అక్క గుర్తుకు రాలేదా?"

మే నెల కోనసీమ అంటే పోస్టుకార్డు మీద బొమ్మలా ఉంటుందని ఎవరైనా అనుకుంటే వాళ్ళు మేలో వెళ్ళలేదన్నమాట. పంటకాలువలు కట్టేసి ఉంటాయి. కాలువ అడుగున బురద ఎండి బీటలు వారి, ప్లాస్టిక్ సంచులు తేలి కనబడతాయి. గాలిలో తేమ, ఒళ్ళంతా జిడ్డు, చెమటకాయలు. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే ఇక దేవుడే దిక్కు. మావాడు రెండోరోజే వెళ్ళిపోదామన్నాడు.

నాకూ మొదటి రోజులు బాగాలేవు. తల పగిలిపోయేంత నొప్పి. బీపీ పెరిగిందేమోనని బావగారి మిషన్‌తో చూసుకుంటే అదేం లేదు. ఆఫీసులో రోజుకి ఏడెనిమిది కప్పుల టీ తాగేవాణ్ని. ఇక్కడ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. టీ ఒక్కసారిగా తగ్గితే అలాగే నొప్పి వస్తుంది, మూడు నాలుగు రోజుల్లో పోయింది. ఫోను బీరువాలో పెట్టేశాను. అయినా జేబులో అది వణికినట్టయి చెయ్యి దానంతటదే వెళ్ళేది. మరీ అవసరమైతే చెయ్యమని కుర్రాడికి బావగారి నంబరిచ్చాను. ఒకసారి చేశాడు, ఏదో పాస్‌వర్డ్ కోసం.

నిద్ర మాత్రం నేను ఊహించని విధంగా పట్టింది. రాత్రి తొమ్మిదిన్నరకి డాబా మీద నవారు మంచాలు వేసి, దోమతెర కట్టేవారు. పడమటి గాలి ఆగి సముద్రం వైపు నుంచి గాలి తిరిగేసరికి కళ్ళు మూతలు పడేవి. తెల్లవారి వెలుతురు మొహం మీద పడేదాకా మెలకువ లేదు. అలారం పెట్టకుండా లేవడం కాలేజీ రోజుల తర్వాత మళ్ళీ ఇప్పుడే. మధ్యాహ్నం భోజనమయ్యాక అరుగు మీద మరో కునుకు. బావగారు రిటైరైన మాస్టారు. "ఏవోయ్, నువ్వు పడుకునే తీరు చూస్తుంటే ఆఫీసులో నిన్ను నిలబెట్టి ఉంచుతారా అని అనుమానం" అనేవారు.

అక్క తన వైద్యం తను చేసింది. పెరట్లో నందివర్ధనం చెట్టుంది. పొద్దున్నే కోసిన పూలని నీళ్ళగిన్నెలో వేసి ఉంచి, మధ్యాహ్నం నా మూసిన రెప్పల మీద ఒక్కోదాని మీద రెండేసి పెట్టేది. రేకుల చల్లదనం రెప్పలోంచి లోపలికి దిగినట్టుండేది. తొడిమ దగ్గర కారే పాలు కంటికి తగలకుండా బాగా కడిగేది. ఆ పూల చలవ రెటీనా దాకా వెళ్ళదని నాకూ తెలుసు, అక్కకి చెప్పలేదు. కానీ అరగంటసేపు కళ్ళు మూసుకుని, ఫోను లేకుండా, వెల్లకిలా కదలకుండా పడుకోమని ఏ డాక్టరు చెబితే నేను విన్నాను?

గళ్ళకాగితాన్ని బీరువా తలుపుకి అంటించాను. రోజూ పొద్దున పళ్ళు తోముకున్నాక అదో పని. బయట మాత్రం కిటికీ ఊచలే నా కొలమానం. కొబ్బరిచెట్లతో లాభం లేదు, ఆ ఊళ్ళో చెట్లు మామూలుగానే వంకర. రెండో వారం గడిచాక ఊచల వంపు కాస్త తగ్గినట్టు తోచింది. నమ్మబుద్ధి కాలేదు. మా ఆవిడని పంచాంగం పట్టుకుని దూరంగా నిలబడమని, ఎడమకంటితో తిథి చదివాను. ఏకాదశి అన్నాను. త్రయోదశి అంది. ఇంకా ఉందన్నమాట.

జూన్ మొదట్లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలారు. ఊరి కాలువలోకి మొదటి నీరు రావడం మావాడు ఎన్నడూ చూడలేదు. ఎండుటాకులు, కొబ్బరి డొక్కలు, నురగ ముందు తోసుకుంటూ అడుగు మందాన గోధుమరంగు నీరు మెల్లగా పాకుతూ వచ్చింది. పిల్లలు గట్టు మీద దానితోపాటు నడిచారు. మావాడు వాళ్ళలో కలిసిపోయి, చీకటి పడేదాకా రాలేదు. వెళ్ళిపోదామన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

చదవడానికి కుడికన్ను బాగానే ఉంది కాబట్టి, సెలవులకీ ఆరోగ్యానికీ సంబంధం గురించి బావగారి కంప్యూటర్‌లో కొంత వెతికాను. హెల్సింకిలో 1970లలో గుండెజబ్బు ముప్పున్న 1,222 మంది వ్యాపార అధికారులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి వ్యాయామం చెయ్యండి, తిండి మార్చుకోండి, సిగరెట్ మానండి అని సలహాలిచ్చారు. ఆ సలహాలు పొందినవాళ్ళలోనే, ఏడాదికి మూడు వారాలో అంతకంటే తక్కువో సెలవు తీసుకున్నవాళ్ళలో, ఎక్కువ సెలవు తీసుకున్నవాళ్ళతో పోలిస్తే, 2004 నాటికి మరణాలు 37 శాతం ఎక్కువ. 2018లో మ్యూనిక్ గుండెవైద్యుల సదస్సులో ఈ సంగతి చెప్పారు. తీరిక లేనివాడికి ఆరోగ్య సలహాలు కూడా ఇంకో బరువే కావచ్చని నాకనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వారానికి 55 గంటలో అంతకంటే ఎక్కువో పనిచేసేవారికి, 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని చెప్పింది. మా మార్చి నెల వారాలు ఆ గీత ఎప్పుడో దాటేశాయి.

అయితే లెక్కలు చూసేవాణ్ని, అంకె కనబడగానే అనుమానం వస్తుంది. సెలవు పెట్టగలిగినవాడికి డబ్బూ ఆరోగ్యమూ ముందునుంచే బాగుండి ఉండవచ్చు. ఏది కారణమో, ఏది ఫలితమో అంత తేలిగ్గా విడదీయలేం. నెదర్లాండ్స్ పరిశోధకులు చెప్పిందే నా అనుభవానికి దగ్గరగా ఉంది. పెద్ద సెలవుల్లో హాయి సుమారు ఎనిమిదో రోజుకి తారస్థాయికి చేరుతుందట, పనిలో చేరిన వారంలోపే దిగిపోతుందట.

హైదరాబాదు వచ్చాక స్కాన్ తీస్తే గుట్ట సగానికి తగ్గింది. జులైలో మళ్ళీ తీస్తే పొరలు చదునుగా ఉన్నాయి. "ఊరికెళ్ళడం వల్లేనా మేడమ్?" అని అడిగాను. ఆమె నవ్వి, "స్టెరాయిడ్ స్ప్రే ఆపారు, బీపీ మాత్ర వేసుకున్నారు, నిద్రపోయారు, పైగా ఇది తనంతట తగ్గే జబ్బు. దేనికి మార్కులు వేస్తాం?" అన్నారు. మళ్ళీ వచ్చే అవకాశం ఉందనీ చెప్పారు. ఎరుపు రంగు ఎడమకంటికి ఇప్పటికీ ఒక వీసమెత్తు వెలిసినట్టే ఉంటుంది. బీపీ ఊళ్ళో 128/82 దాకా దిగింది. ఇక్కడికొచ్చి నెల తిరిగేసరికి 136 చూపించింది, మాత్ర వేసుకుంటూ కూడా. నిద్ర మాత్రం పూర్తిగా పాత దారి పట్టలేదు. పదిన్నరకి ఫోను హాల్లో ఛార్జింగ్‌కి పెట్టి పడుకుంటున్నాను. ఆ ఒక్కటీ ఊరినుంచి నాతో వచ్చింది.

ఈ ఏడు లీవు రెండు ముక్కలు చేశాను. సంక్రాంతికి ఐదు రోజులు, మేలో రెండు వారాలు. దరఖాస్తులో కారణం దగ్గర కంటిజబ్బు అని రాయమని సహోద్యోగులు సలహా ఇచ్చారు, అయితే వెంటనే ఒప్పుకుంటారని. వేసవి సెలవు అనే రాశాను. మేనేజర్ కళ్ళద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు చదివి, "ఊరికేనా?" అన్నారు. ఊరికేనండి అన్నాను. సంతకం పెట్టారు, పదకొండో తారీఖు రిటర్న్ వేశాకే కదలాలన్న షరతు మీద.