పాత ఇంట్లో ఎర్తింగ్: ప్లగ్‌లో మూడో కన్నం ఉంటే సరిపోదు

మహారాణిపేటలో మా అత్తగారిది పాత ఇల్లు. వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జివ్వుమనేది, కాళ్ళు తడిగా ఉంటే ఇంకా గట్టిగా. "చెప్పులేసుకో అమ్మా, ఏం కాదు" అనేవారు అత్తయ్య. నాకు ఆ మాట వింటేనే భయం, ఎందుకంటే వైజాగ్‌లో ఇలా చెప్పుల మీదే నెట్టుకొచ్చేస్తున్న ఇళ్ళు చాలానే చూశాను.

టెస్టర్ వెలిగిందా లేదా అన్నది వదిలేసి మల్టీమీటర్ పెట్టించాం. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల దగ్గర్లో ఉంది, బాగానే ఉంది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ (లీకైన కరెంటుని భూమిలోకి పంపే వైరు) మధ్య కూడా దాదాపు అంతే రావాలి కదా, అక్కడ అంకె ఓసారి 90, ఓసారి 120, ఒక చోట నిలబడదే! అంటే ఎర్త్ వైరు ఎక్కడో తెగిపోయి ఉందన్నమాట.

వంటింటి బోర్డులో మాత్రం రీడింగ్ పర్ఫెక్ట్‌గా వచ్చింది, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య సున్నా. నాకు అదే అనుమానం వేసి బోర్డు విప్పించాను. లోపల చిన్న ఎర్ర వైరు ముక్కతో ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కే కలిపేసి ఉంది! ఇది చాలా డేంజర్ అండీ. వెనకాల న్యూట్రల్ తెగినా, ఫేజ్ న్యూట్రల్ తారుమారైనా ఫ్రిజ్ బాడీ మీదకి 230 వోల్టులూ వచ్చేస్తాయి. ఎవరైనా "నూట్రల్‌కి కలిపీసాం సార్, అయిపోయింది" అంటే అస్సలు ఒప్పుకోకండి.

అసలు తెగింది పెరట్లో, ఎర్త్ గొయ్యి దగ్గర. సముద్రం గాలికి క్లాంపు, బోల్టు తుప్పు పట్టి, వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలిపోయాయి, జీఐ పైపు (జింక్ పూత వేసిన ఇనప పైపు) కూడా మట్టి దగ్గర తినేసింది. కొత్త గొయ్యి తవ్వించి, పైపు దింపి బొగ్గు, ఉప్పు వేయించి, మెయిన్ దాకా కొత్త గ్రీన్ వైరు లాగించాం.

తర్వాత అన్ని ప్లగ్గులూ తీసేసి, ఎవర్నీ ఏదీ ముట్టుకోవద్దని చెప్పి, ఎలక్ట్రీషియన్ ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూపించాడు, నిండుగా వెలిగింది. ఎర్త్ వీక్‌గా ఉన్నా మీటర్లో వోల్టేజ్ బాగానే కనపడొచ్చు, బల్బు మాత్రం గుడ్డిగా వెలుగుతుంది. ఇది మీరు సొంతంగా చెయ్యొద్దు, ఎర్త్ తెగి ఉంటే ఆ వైరుకి తగిలిన ప్రతి బాడీకీ కరెంటు వచ్చేస్తుంది.

బల్బు టెస్ట్ అయ్యాకే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) పెట్టించాం, ముందే ఉండి ఉంటే టెస్ట్‌కి ట్రిప్ అయిపోయేది. ఇక ఎండాకాలంలో మట్టి ఎండిపోయి ఎర్త్ వీక్ అవకుండా గొయ్యిలో నీళ్ళు పోసే పని అత్తయ్య తీసుకున్నారు.