మైన్‌క్రాఫ్ట్‌లో మీరు కనిపెట్టిన చోటుకి పదిమందీ చేరాలంటే

మైన్‌క్రాఫ్ట్ అనే బ్లాకుల ఆటలో తిరుగుతుంటే అప్పుడప్పుడూ కళ్ళు చెదిరే చోటు తగులుతుంది. కొండచరియకు వేలాడే ఊరో, సముద్రం నడుమ పుట్టగొడుగుల దీవో, చెర్రీ చెట్ల లోయలో కూలిపోయిన పోర్టలో. వెంటనే స్క్రీన్‌షాట్ తీసి, కింద బారెడు అంకె వేసి, "సీడ్ ఇదే, చూసుకోండి" అని పెట్టేస్తారు. ఆ అంకెతో కొత్త వరల్డ్ తెరిచినవాళ్ళలో చాలామందికి ఆ కొండా కనబడదు, ఆ ఊరూ కనబడదు. ఇక "ఫేక్" అంటూ తిట్లు మొదలు. నిజానికి అక్కడ అబద్ధమేమీ ఉండదు. చెప్పవలసిన వాటిలో సగమే చెప్పి ఉంటారు.

సీడ్ అంటే ప్రపంచం మొత్తాన్ని పుట్టించే అంకె. జావా ఎడిషన్‌లో అది 64 బిట్ల సంఖ్య, ముందు మైనస్ గుర్తు కూడా ఉండవచ్చు. ఆ ఒక్క అంకెతోనే ప్రపంచం నడిమధ్య నుంచి నాలుగు దిక్కులా సుమారు 3 కోట్ల బ్లాకుల దూరం వరకు నేల పుడుతుంది. ఒక బ్లాకు ఒక మీటరు అనుకుంటే ఆ విస్తీర్ణం మన భూగోళం ఉపరితలానికి దాదాపు 7 రెట్లు. అంత నేలలో ఒక లోయను వెతుక్కోమనడం ఎవరికైనా కష్టమే. అందుకే సీడ్‌తో పాటు ఎడిషన్, వెర్షన్, వరల్డ్ టైప్, కోఆర్డినేట్లు (చోటును చెప్పే అంకెలు) నాలుగూ రాయాలి. వీటిలో ఏది తప్పినా చూసేవాళ్ళు మరో ప్రపంచంలోనో, మరో చోటో దిగుతారు.

ముందు ఎడిషన్ సంగతి. కంప్యూటర్‌లో ఆడే జావా వేరు, ఫోన్లలో, కన్సోళ్ళలో, విండోస్‌లో కూడా ఆడే బెడ్‌రాక్ వేరు. 2021 నవంబరు 30న వచ్చిన 1.18 నుంచి ఒకే సీడ్ ఇస్తే రెండింట్లోనూ కొండలు, నదులు, బయోమ్‌లు (అడవి, ఎడారి లాంటి ప్రాంతాలు) దాదాపు ఒకేలా వస్తాయి. ఊళ్ళు, గుళ్ళు, ఓడలు, కోటలు మాత్రం చాలావరకు వేర్వేరు చోట్ల పడతాయి. కాబట్టి మీరు చూపించేది లోయ అయితే రెండు ఎడిషన్లవాళ్ళూ చూడగలరు, ఊరైతే ఏ ఎడిషనో చెప్పి తీరాలి. స్లైమ్ చంక్‌ల విషయంలో తేడా ఇంకా ఎక్కువ. చంక్ అంటే 16×16 బ్లాకుల నేల ముక్క, స్లైమ్ అనే జీవులు పుట్టేవి స్లైమ్ చంక్‌లు. జావాలో అవి సీడ్‌ని బట్టి మారతాయి, సుమారు పది చంక్‌లకి ఒకటి ఉంటుంది. బెడ్‌రాక్‌లో సీడ్‌తో సంబంధమే లేదు, ఏ ప్రపంచంలోనైనా అవే చోట్లు.

వెర్షన్ కూడా పూర్తిగా రాయాలి. "కొత్తది" అని రాస్తే ఆరు నెలల తర్వాత చదివేవాళ్ళకు దానికి అర్థం ఉండదు. 1.17 దాకా ప్రపంచం ఎత్తు 256 బ్లాకులు. 1.18 దాన్ని అడుగున మైనస్ 64 నుంచి పైన 320 వరకు, అంటే 384కు పెంచి, నేల పుట్టే పద్ధతినే మార్చేసింది. 1.17లో దొరికిన కొండను 1.18లో వెతకడం వృథా. ఆ తర్వాతి వెర్షన్లలో నేల పెద్దగా మారలేదు కానీ కొత్త చేర్పులున్నాయి: 1.19లో పురాతన నగరాలు, 1.20లో చెర్రీ తోపులు, 1.21లో ట్రయల్ ఛాంబర్లు, 1.21.4లో పేల్ గార్డెన్. 1.20 సీడ్‌లో చీకటి అడవి చూసినవాళ్ళకు 1.21.4లో అదే చోట తెల్లబారిన చెట్లు ఎదురుకావచ్చు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. వెర్షన్ మారినా, మీరు అంతకుముందే తిరిగిన చంక్‌లు పాత నేలతోనే ఉండిపోతాయి. అడుగుపెట్టని చోట్లు మాత్రమే కొత్త పద్ధతిలో పుడతాయి. రెండేళ్ళుగా ఆడుతున్న వరల్డ్‌లో ఏదైనా వింత కనిపిస్తే, అది ఏ వెర్షన్‌లో పుట్టిందో మెనూలో కనిపించే వెర్షన్‌ని బట్టి చెప్పలేం.

సీడ్‌ని రాసి పంపేటప్పుడు జరిగే పాడు అంతా ఇంతా కాదు. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది మైనస్ గుర్తు జారిపోవడం. అంకె మీద రెండుసార్లు క్లిక్ చేసి కాపీ చేస్తే చాలా చోట్ల మైనస్ వదిలేసి అంకెలే ఎంపికవుతాయి. కొన్ని యాప్‌లు ఆ చిన్న గీతను పొడవు గీతగా మార్చేస్తాయి. అప్పుడు ఆట దాన్ని అంకెగా చదవలేక, మాటగా లెక్కగట్టి వేరే ప్రపంచాన్ని ఇస్తుంది. చదవడానికి వీలుగా ఉంటుందని కామాలు పెట్టినా అదే గతి. ఇక ఎక్సెల్‌లో సీడ్‌లు దాచుకునేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. అది 15 అంకెల దాకే నిలుపుకుని మిగతావి సున్నాలు చేస్తుంది. 3257840388504953787 అని వేస్తే లోపల మిగిలేది 3257840388504950000. గడిని ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాత అతికిస్తే ఈ బాధ ఉండదు.

సీడ్ గడిలో అంకెకు బదులు మాట కూడా రాయొచ్చు, తెలుగులో కూడా. జావా ఎడిషన్ ఆ మాటలోని అక్షరాల కోడ్‌లను లెక్కగట్టి 32 బిట్ల అంకె చేస్తుంది. అందుకే మాటలతో చేరగలిగే ప్రపంచాలు సుమారు 429 కోట్లే. సరదాకి సొంత ఊరి పేరు పెట్టి చూడటం బాగుంటుంది కానీ, దాన్ని ఇతరులకి మాటగా పంపకండి. హైదరాబాద్, హైదరాబాదు రెండూ వేర్వేరు ప్రపంచాలు. ఇంగ్లీషులో రాస్తే మొదటి అక్షరం పెద్దదా చిన్నదా అన్నదానితోనే అంతా మారిపోతుంది. తెలుగు టైపింగ్‌లో మరో మెలిక ఉంది. పొల్లు తర్వాత అక్షరం కలిసిపోకుండా మన కీబోర్డులు మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు వేస్తాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో అది ఉంటుంది. చూడటానికి రెండు మాటలూ దాదాపు ఒకటే, ఒకదాంట్లో ఆ గుర్తు ఉండి ఇంకోదాంట్లో లేకపోతే ప్రపంచాలు వేరు. వరల్డ్ తెరిచాక చాట్‌లో స్లాష్ సీడ్ కమాండ్ ఇస్తే అసలు అంకె కనబడుతుంది. ఒంటరిగా ఆడే వరల్డ్‌లో దీనికి చీట్స్ (కమాండ్లు వాడే అనుమతి) కూడా అక్కర్లేదు. అంకెను నొక్కితే కాపీ అవుతుంది, మైనస్‌తో సహా. పంపాల్సింది దాన్నే. బెడ్‌రాక్‌లో అయితే వరల్డ్ సెట్టింగ్స్‌లోనే సీడ్ కనిపిస్తుంది.

కోఆర్డినేట్ల దగ్గరకు వస్తే, జావాలో ఎఫ్3 నొక్కితే ఎక్స్, వై, జెడ్ మూడూ కనిపిస్తాయి. వై అంటే ఎత్తు. బెడ్‌రాక్‌లో "షో కోఆర్డినేట్స్" ఆన్ చేసుకోవాలి. జావావాళ్ళకి ఇంతకంటే మంచి దారి ఒకటుంది: ఎఫ్3 పట్టుకుని సి నొక్కడం. మీరు నిలబడ్డ చోటు మాత్రమే కాదు, ఏ డైమెన్షన్‌లో ఉన్నారు, మొహం ఎటు ఉంది, తల ఎంత ఎత్తారు అన్నవి కూడా కలిపి ఒక టెలిపోర్ట్ కమాండ్‌గా కాపీ అవుతుంది. చీట్స్ ఆన్‌లో ఉన్న వరల్డ్‌లో దాన్ని అతికిస్తే అవతలివాళ్ళు సరిగ్గా మీ ఫొటో కోణంలోనే నిలబడతారు. ఆ రెండు మీటలనూ నొక్కి వెంటనే వదిలేయండి. 10 సెకన్లు పట్టుకుంటే ఆట కావాలనే క్రాష్ అవుతుంది, డెవలపర్లు తమ పరీక్షల కోసం పెట్టుకున్న ఏర్పాటు అది.

స్లాష్ లొకేట్ కమాండ్‌తో దొరికిన చోటును పంచుకునేటప్పుడు ఎత్తు మీరే రాయాలి. నిర్మాణాల విషయంలో ఆ కమాండ్ ఎక్స్, జెడ్ మాత్రమే ఇచ్చి, వై చోట ఒక అల గీత పెడుతుంది. దాన్ని నొక్కి వెళ్తే మీరున్న ఎత్తులోనే అక్కడ తేలతారు. పురాతన నగరం నేలకు చాలా లోతున, వై మైనస్ 51 దరిదాపుల్లో ఉంటుంది. పైన గడ్డి మీద నిలబడి "ఇక్కడేం లేదు" అని వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు అందుకే అంతమంది. ఆటలోని పాతాళలోకమైన నెదర్‌లో దొరికినదైతే నెదర్ అని రాయండి. అక్కడి ఒక బ్లాకు పైలోకంలో 8 బ్లాకులకు సమానం. పైన ఎక్స్ 1600 అయితే నెదర్‌లో 200. వై మాత్రం భాగించకూడదు.

పెట్టేముందు పరీక్ష చేయడం తప్పనిసరి. మీరు ఆడుతున్న వరల్డ్‌లో కాదు. అదే వెర్షన్‌లో, అదే సీడ్‌తో క్రియేటివ్ మోడ్‌లో కొత్త వరల్డ్ తెరవండి. వరల్డ్ టైప్ డిఫాల్ట్‌లో ఉందా, నిర్మాణాలు పుట్టించే ఆప్షన్ ఆన్‌లో ఉందా, ఆట తీరు మార్చే డేటా ప్యాక్‌లు ఏవీ లేవా చూసుకోండి. వరల్డ్ టైప్ లార్జ్ బయోమ్స్, యాంప్లిఫైడ్ అయితే నేల పూర్తిగా మారిపోతుంది. కాపీ చేసిన కమాండ్ అతికించి వెళ్ళండి, చంక్‌లన్నీ లోడ్ అయ్యేదాకా ఆగండి. కనబడితే పోస్ట్ చేయండి. జంతువులు, రాక్షసులు అదే చోట ఉండాలని ఆశించకండి, అవి సీడ్‌కి కట్టుబడి ఉండవు. ఫొటోకి ఎఫ్1తో తెర మీది గుర్తులన్నీ తీసేసి, ఎఫ్2తో తీయండి. ఎఫ్3 వివరాలు కనిపించే ఫొటో ఇంకొకటి జత చేస్తే మరీ మంచిది. వెలుగునీడల్ని మార్చే షేడర్లు వాడి ఉంటే ఆ మాట రాయండి, లేకపోతే మామూలు గ్రాఫిక్స్‌లో చూసినవాళ్ళు చోటు తప్పేమో అనుకుంటారు.

ఇంత శ్రద్ధగా రాసిన వివరాలు లేనప్పుడు ఒక చోటును వెనక్కి వెతకడం ఎంత పెద్ద పనో చెప్పడానికి టైటిల్ స్క్రీన్ కథ ఒక్కటి చాలు. ఏళ్ళ తరబడి మెనూ వెనక మెల్లగా తిరిగిన ఆ పనోరమా (చుట్టూరా కనిపించే దృశ్యం) ఏ ప్రపంచంలోదో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. మైన్‌క్రాఫ్ట్ ఎట్ హోమ్ అనే బృందం, తమ కంప్యూటర్లను ఖాళీ సమయంలో అప్పిచ్చిన వాలంటీర్ల సాయంతో 2020 జులైలో దాన్ని పట్టుకుంది. ఆట తొలినాళ్ళ వెర్షన్ బీటా 1.7.3, ఎక్స్ 61.48, జెడ్ మైనస్ 68.73. సీడ్‌లు రెండు: 2151901553968352745, 8091867987493326313. రెండు అంకెలకి ఒకే ప్రపంచం ఎలా వచ్చిందంటే, అప్పటి ఆట 64 బిట్లలో కింది 48 బిట్లనే వాడుకునేది. పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీసేస్తే వచ్చేది 281474976710656కి సరిగ్గా 21103 రెట్లు. ఆ పొడవాటి సంఖ్య 2 ఘాతం 48. కాల్‌క్యులేటర్‌లో మీరే వేసి చూడొచ్చు. ఆ లక్షణం నేటికీ కొంత మిగిలే ఉంది: ఇప్పటి జావాలోనూ నిర్మాణాల చోట్లు కింది 48 బిట్ల మీదే ఆధారపడతాయి, బయోమ్‌లు మాత్రం మొత్తం అంకెను చూస్తాయి.

ఆ పనోరమా చోటుకి మీరూ వెళ్ళొచ్చు. జావా లాంచర్‌లో హిస్టారికల్ వెర్షన్స్ ఆన్ చేసి, ఇన్‌స్టలేషన్స్ అనే ట్యాబ్‌లో న్యూ ఇన్‌స్టలేషన్ నొక్కి, బీటా 1.7.3 ఎంచుకోండి. గేమ్ డైరెక్టరీకి వేరే ఫోల్డర్ ఇవ్వండి, ఇప్పటి వరల్డ్‌ని పాత వెర్షన్‌తో తెరిస్తే పాడవుతుంది. అందులో టెలిపోర్ట్ లేదు, ఎఫ్3 చూసుకుంటూ నడవాలి. మధ్యకు దగ్గరే కాబట్టి పెద్ద నడకేం కాదు. అదే బృందం ఆ ఏడాది సెప్టెంబరులో టెక్స్చర్ ప్యాక్‌ల డిఫాల్ట్ బొమ్మ సీడ్‌నీ కనిపెట్టింది, పైన ఎక్సెల్ దగ్గర రాసిన అంకె అదే. కాకపోతే ఆ బొమ్మ బీటాకి ముందటి ఆల్ఫా కాలంనాటిది, సీడ్ టైప్ చేసే గడి వచ్చింది బీటా 1.3తో, కాబట్టి ఆ నాటి వెర్షన్‌లో సీడ్‌ని నేరుగా టైప్ చేయలేం.

"అత్యంత అరుదైనది" అని రాసేముందు లెక్క వేసుకోవాలి. భూగర్భ కోటల్లో ఉండే, ఎండ్ అనే లోకానికి దారితీసే ఎండ్ పోర్టల్‌కి 12 చట్రాలు, ఒక్కోదాంట్లో దాన్ని తెరిచే కన్ను ముందే ఉండే అవకాశం పదోవంతు. 12 కళ్ళూ నిండిన పోర్టల్ లక్ష కోట్లలో ఒకటి. జావాలో ప్రపంచానికి 128 కోటలుంటాయి కాబట్టి సుమారు 780 కోట్ల ప్రపంచాలకు ఒక్కటి తగలాలి. అలాంటివి కాళ్ళతో తిరిగి దొరికేవి కావు, ప్రోగ్రామ్‌తో వెతికినవి. వెతికి పట్టుకోవడం గొప్ప పనే, అయితే "వెతికాను" అని రాయండి. వేరేవాళ్ళు కనిపెట్టినదైతే వాళ్ళ పోస్టుకి లింకివ్వండి.

ఒక్క చోట మాత్రం ఏదీ పంచుకోకూడదు: నలుగురితో కలిసి ఆడే సర్వర్. దాని సీడ్ బయటపడితే, చంక్‌బేస్ లాంటి మ్యాప్ సైట్లో వేసి కోటలు, స్లైమ్ చంక్‌లు ఎక్కడున్నాయో ఎవరైనా ఇట్టే చూసేస్తారు, మిగతావాళ్ళ ఆట చెడుతుంది. సర్వర్ నడిపేవాళ్ళ అనుమతి తీసుకోండి. ఫొటోలో ఎఫ్3 లేకపోయినంత మాత్రాన చోటు దాగిందనుకోకండి. గడ్డి, రాయి బ్లాకుల మీది టెక్స్చర్ ఎటు తిరిగి ఉండాలన్నది వాటి కోఆర్డినేట్లే నిర్ణయిస్తాయి, ఆ తిరుగుడు చూసి చోటు లెక్కగట్టే ప్రోగ్రాములున్నాయి. సర్వర్‌లో కట్టుకున్న మీ ఇంటి ఫొటో పెట్టాలనిపిస్తే నేల దగ్గరగా కనబడని కోణంలో, దూరం నుంచి తీయండి.