రెండు వందల పెట్టెలు, ఒక్క ఫోటో

టీ-72 ట్యాంకు మోడల్ పూర్తయింది. మొదలుపెట్టి ఎనిమిది నెలలు, అందులో రెండు నెలలు కోపమొచ్చి అటక మీద పడేశాను, కాబట్టి అసలు పని ఆరు నెలలే. డబ్బాలో వచ్చింది వచ్చినట్టు అతికించుకుంటే రెండు వారాల్లో తేలిపోయేది. కానీ కిట్ చేతికి రాగానే ఇందులో ఏం కోయాలి, ఏం తగిలించాలి అని చూడటం నాకు అలవాటైపోయింది, అది మానేది కాదు.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ట్యాంకు మోడల్స్‌లో ఎక్కువమంది కట్టేది 1/35 స్కేల్. ఇంత వింత అంకె ఎందుకంటే, 1960లలో తమియా అనే జపాన్ మోడల్ కంపెనీ వాళ్లు మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు కిట్ చేసినప్పుడు లోపల రెండు బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకున్నారు, తర్వాత కొలిచి చూస్తే అది 35వ వంతు అయింది. అలా బ్యాటరీ కొలత పట్టుకుని అందరం ఇప్పటికీ లెక్కలు వేసుకుంటున్నాం. గన్ ముందుకు తిప్పి ఉన్నప్పుడు నిజం టీ-72 పొడవు సుమారు 9.5 మీటర్లు, మోడల్ 27 సెంటీమీటర్లు. ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. చిక్కంతా సన్నటి వాటితోనే. కిట్‌లో మడ్‌గార్డు రేకు మందం ఒక మిల్లీమీటరు ఉందనుకోండి, నిజంలో అది 35 మిల్లీమీటర్ల రేకు అన్నమాట, మడ్‌గార్డుకి కవచం తొడిగినట్టు! అందుకే కిట్ తెరవగానే నేను చేసే మొదటి పని ఆ అంచుల్ని వెనక వైపు నుంచి బ్లేడుతో ఏటవాలుగా గీకడం. ముందు నుంచి చూస్తే అంచు ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి అది సన్నగా ఉంటే చాలు, వెనక ఎంత లావున్నా కన్ను పట్టదు. ఈ ఒక్క పనికే మోడల్ సగం మారిపోతుంది, పైసా ఖర్చు లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ట్యాంకుల కన్నా ఈ కాలం వాటి మీదే నాకు మోజెక్కువ, ఎందుకంటే ఇవి ఫ్యాక్టరీలో పుట్టిన రూపంలో ఎప్పటికీ ఉండవు. ముప్పై నలభై ఏళ్లు వాడతారు, ఆ లోపు ఎవరో ఒకరు ఏదో ఒకటి తగిలిస్తూనే ఉంటారు. జర్మన్ ట్యాంకు లెపర్డ్ 2 చూడండి, దాని ఏ4 రకానికి టరెట్ (గన్ బిగించి ఉండే, గుండ్రంగా తిరిగే పై భాగం) ముఖం నిటారుగా గోడలా ఉంటుంది, ఏ5కి వచ్చేసరికి దాని ముందు బాణం మొనలాంటి కవచం వచ్చింది, ఏ6లో గన్ 1.3 మీటర్లు పొడుగైంది. మోడల్‌లో ఆ తేడా 37 మిల్లీమీటర్లు, లోహపు బ్యారెల్ ఒకటి కొని మార్చుకుంటే సరిపోతుంది. ఇలాంటివి చదివి మనకీ ధైర్యం వస్తుంది, మనమూ మార్చేయగలం అనిపిస్తుంది. నేను బోల్తా పడింది అక్కడే.

నా దగ్గరున్న కిట్ టీ-72ఎం1, అంటే టీ-72ఏకి ఎగుమతి రూపం. దాని మీద కొంటాక్ట్-1 పెట్టెలు పరిచిన రకం చేయాలని నా ఆశ. ఒక్కో పెట్టెలో రేకుల మధ్య పేలుడు పదార్థం ఉంటుంది, యాంటీ ట్యాంక్ రాకెట్ వచ్చి తగలగానే పెట్టె పేలి, ఆ రేకులు ఎగిరి, లోపలికి దూసుకొచ్చే లోహపు ధారని చెదరగొడతాయి. 1980లలో వచ్చిన ఏర్పాటు ఇది. ట్యాంకు మొత్తం మీద రెండు వందలకు పైగా పెట్టెలు. దొరికిన ఫోటోలన్నీ ముందేసుకుని, ఒకదాంట్లోంచి టరెట్, ఇంకోదాంట్లోంచి ముక్కు భాగం, మరోదాంట్లోంచి స్కర్టులు (చక్రాలకి అడ్డంగా పక్కన వేలాడే పలకలు) చూసి పెట్టెలు అతికించడం మొదలుపెట్టాను. టరెట్ ముందు మూడో వరస దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. అక్కడ అప్పటికే స్మోక్ గ్రెనేడ్ లాంచర్లు ఉన్నాయి, ఎడమ 7, కుడి 5, డబ్బాలో చెప్పినట్టే బుద్ధిగా అతికించాను. పెట్టెలూ అక్కడికే రావాలి, లాంచర్లూ అక్కడే ఉండాలి. గంటసేపు అటూ ఇటూ పెట్టి చూశాక, ఫోటోల్లోకి మళ్లీ తొంగి చూస్తే అప్పుడు వెలిగింది: పెట్టెలు ఉన్న ట్యాంకుల్లో ముందు లాంచర్లు లేనే లేవు, వాటిని పక్కకి, వెనక్కి జరిపేశారు. నిజం ట్యాంకు దగ్గర కూడా ఇంజినీర్లకి ఇదే తలనొప్పి వచ్చి ఉంటుంది కదా, నాకు మాత్రం అది జిగురు ఆరిపోయాక తెలిసింది. పీకితే టరెట్ మీద 12 గుంటలు. అటకెక్కించింది అప్పుడే.

రెండు నెలల తర్వాత దించినప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. ఒక్కటే ఫోటో. ఒకే ట్యాంకు, ఒకే రోజు. నాలుగు ఫోటోలు కలిపి కడితే వచ్చేది ప్రపంచంలో ఎక్కడా లేని ట్యాంకు, అలాంటివి నేను ఇప్పటికే మూడు కట్టాను, అల్మరాలో ఉన్నాయి. ఈసారి ఎడమ పక్క నుంచి తీసిన ఒక ఫోటో ఎంచుకున్నాను. కుడిపక్క అందులో కనపడదు, అక్కడ నా ఇష్టం.

పెట్టెల సంగతి. ఒక్కోటి 9 మిల్లీమీటర్ల పొడవు, 4 మిల్లీమీటర్ల వెడల్పు. మొదట ప్లాస్టిక్ పట్టీలు కొని కోశాను. స్కేలుకి ఒక అడ్డం అతికించి, పట్టీని దానికి ఆనించి, బ్లేడు నొక్కడం, జరపడం, మళ్లీ నొక్కడం. నలభై అయ్యేసరికి వేళ్లు పడిపోయాయి, పైగా నలభైలో ముప్పై ఒక్కో సైజు. అప్పుడు పద్ధతి మార్చాను: ఒక్క పెట్టెనే శ్రద్ధగా చేసి, బోల్టు తలలు పెట్టి, దాని చుట్టూ సిలికాన్ పోసి అచ్చు తీశాను. అందులో రెజిన్, అంటే పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్, పోసుకుంటూ పోతే రోజుకి పదో పదిహేనో వస్తాయి. మొదటి విడత అన్నింట్లో గాలి బుడగలు, మూలలు లేవు. రెజిన్‌ని పై నుంచి గబుక్కున పోయకుండా ముందు టూత్‌పిక్‌తో మూలల్లోకి పూసి, ఆ తర్వాత పోస్తే బుడగలు తగ్గాయి. (రెజిన్ రుద్దేటప్పుడు తడి చేసి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు.) ఇప్పుడు త్రీడీ ప్రింట్ చేసిన సెట్లు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి, నా కన్నా వెయ్యి రెట్లు నీటుగా ఉంటాయి, అది తెలిసే చేశాను, నన్నేమీ అనకండి.

అతికించేటప్పుడు ఇంకో పాఠం. నేను వరసలు స్కేలు పెట్టి గీసినట్టు పేర్చాను. ఫోటో పక్కన పెడితే నాది బొమ్మలా ఉంది. ఫోటోలో ఒక పెట్టె మూల వంగింది, ఒకటి పక్కదాని మీదికి ఒరిగింది, ఎడమ ముందు భాగంలో ఒకటి అసలు లేనే లేదు, దాన్ని బిగించే కమ్మీ మాత్రం బయటికి కనిపిస్తోంది. స్కర్టులు రబ్బరువి, వాటి మీద ఇంత బరువు వేలాడుతుంటే అవి అలలా వంగాయి. నావి పీకి, కొన్నింటిని వేడి నీళ్లలో ముంచి వంచి, మళ్లీ పెట్టాను.

టరెట్ ఉపరితలం గురించి కూడా చెప్పాలి. టీ-72 టరెట్ పోత పోసింది, దగ్గరగా చూస్తే గరుకుగా, చిన్న చిన్న గుంటలతో ఉంటుంది. కిట్‌లో అదే టరెట్ కోడిగుడ్డులా నున్నగా వస్తుంది. లిక్విడ్ పుట్టీ పూసి, ఆరేలోపు వెంట్రుకలు రాలిపోయిన పాత బ్రష్‌తో పొడుస్తూ పోవాలి, ఆరాక పైపైన రుద్దాలి. పైసా ఖర్చు లేని పనుల్లో ఇది రెండోది. నా 12 గుంటలు కూడా ఇందులోనే మాయమయ్యాయి.

ట్రాక్‌ల (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీల) విషయం తొందరగా ముగిస్తాను: ఒక్కో పక్క తొంభైకి పైగా లింకులు, స్కర్టు వెనక పైవరస కనపడదు, అక్కడ వేయలేదు. ఎవరూ అడగలేదు.

రంగు దగ్గర మాత్రం నాకొక పంతం ఉంది. తుప్పు. మనవాళ్లకి తుప్పంటే ఎంత ప్రేమో, ట్యాంకు కనిపిస్తే చాలు, చెరువులోంచి తీసినట్టు చేస్తారు. నేనూ చేశాను. కొన్నేళ్ల కింద ఒక ఎం113కి (సైనికుల్ని మోసే అమెరికన్ కవచ వాహనం) పక్కలంతా నారింజ రంగు చారలు దించి, మురిసిపోయి ఒక స్నేహితుడికి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "బాగుంది గానీ, దీని బాడీ దేంతో చేస్తారు?" అని అడిగారు. అల్యూమినియం. అల్యూమినియానికి ఎర్ర తుప్పు ఎలా పడుతుందండీ? ఆ రోజు నుంచి రంగు వేసే ముందు ఏ భాగం ఏ లోహమో చూసుకుంటాను. టీ-72 చక్రాలు కూడా అల్యూమినియం మిశ్రమమే, రంగు లేచిపోతే బూడిద రంగులో మెరుస్తుంది తప్ప తుప్పు పట్టదు. ట్రాక్‌లు ఉక్కువి, వాటికి మాత్రం మనసారా పూసుకోవచ్చు.

ఇంకా పొగమసి. టీ-72కి సైలెన్సర్ ఎడమ పక్కన, వెనక ఫెండర్ దగ్గర ఉంటుంది, కాబట్టి నల్ల మసి ఎడమ పక్కనే, దాని వెనకే పడాలి. రెండు పక్కలా సమానంగా వేసేవాళ్లని చూసి నవ్వుకుంటాను, ఒకప్పుడు నేనూ ఆ బాపతే. వెనక బురదలో దిగబడినప్పుడు వాడే దుంగ ఒకటి కట్టి ఉంటుంది. కిట్‌లో ఇచ్చిన ప్లాస్టిక్ దుంగకి అతుకు గీత అడ్డంగా కనిపిస్తుంది, అది పారేసి ఒక ఎండు పుల్ల పెట్టాను. బెరడు గీతలు మరీ పెద్దవి కాకుండా ఉండే పుల్ల వెతకడానికి ఓ సాయంత్రం పట్టింది. మోడల్ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ పుల్లే, ఏం చెప్పమంటారు.

నిన్న మా అక్క కొడుకు వచ్చి టేబుల్ మీద చూశాడు. చూడగానే, "మావయ్యా, ఇక్కడ ఒకటి ఊడిపోయింది" అన్నాడు, ఎడమ ముందు వేలు పెట్టి. నేను ఎదురుచూస్తున్న ప్రశ్నే అది. ఫోటో తీసి చూపించాను, అదిగో, నిజం ట్యాంకుకీ లేదు, కమ్మీ కూడా పెట్టాను చూడు అని ఓ పది నిమిషాలు చెప్పాను. వాడు ఓపిగ్గా విని, ట్యాంకుని మెల్లగా తిప్పి, "మరి ఇటు పక్క?" అన్నాడు.

కుడిపక్కది నిజంగానే ఊడిపోయింది. ఇద్దరం టేబుల్ కింద ఫోన్ లైటు వేసుకుని వెతుకుతున్నాం, ఇంకా దొరకలేదు.