మగ జిరాఫీ అయినా 'లా' నే

స్పానిష్‌లో జంతువుల పేర్లు నేర్చుకోవడం మొదలుపెడితే ముందు పిల్లీ కుక్కా వస్తాయి. మగపిల్లి గాతో, ఆడపిల్లి గాతా, అలాగే పెర్రో, పెర్రా. చివర 'ఓ' ఉంటే మగ, 'ఆ' ఉంటే ఆడ, ఓస్ ఇంతేనా అనుకుంటాం. ఆంబోతుకి తోరో, ఆవుకి వాకా, పుంజుకి గాయో, పెట్టకి గాయీనా అన్నా పెద్ద ఇబ్బంది లేదు, వేరువేరు పేర్లు మనకీ ఉన్నాయి కదా.

అసలు తిరకాసు జిరాఫీతో. అది లా హిరాఫా, మగదైనా సరే. ('లా' మామూలుగా స్త్రీలింగ పదాల ముందు, 'ఎల్' పుంలింగ పదాల ముందు వచ్చే చిన్న మాటలు.) మగదని చెప్పి తీరాలంటే పక్కన 'మాచో' తగిలించి లా హిరాఫా మాచో అనాలి, అప్పుడు కూడా విశేషణం స్త్రీలింగంలోనే ఉంటుంది, అంటే పొడుగ్గా ఉందనడానికి 'ఆల్తా' అనాలి తప్ప 'ఆల్తో' అనకూడదు. మొసలిది దీనికి పూర్తిగా రివర్స్. ఎల్ కోకోద్రీలో ఎంబ్రా అంటే ఆడ మొసలి, అది గుడ్లు పెట్టినా వ్యాకరణానికి పుంలింగమే!

తెలుగులో ఎద్దూ వచ్చింది, ఆవూ వచ్చింది. జంతువు ఏదైనా మన క్రియ మారదు, అందుకే లింగం అనగానే మనం జంతువు వైపు చూస్తాం. స్పానిష్‌లో చూడాల్సింది పదం వైపు. బొమ్మ కింద ఒట్టి పేరు రాసి ఇచ్చే కార్డులు నాకు అందుకే నచ్చవు. 'హిరాఫా' అని కాకుండా 'లా హిరాఫా ఆల్తా' అని మొత్తంగా బట్టీ కొట్టడం మేలు. పాముకి వాడే సెర్పియెంతే లాంటి పదాల్లో చివర ఓ, ఆ రెండూ ఉండవు, లా అని ముందే గుర్తుంటే తప్ప తెలిసే దారి లేదు.

ఇంకోటి, ఎల్ సాపో, లా రానా మొగుడూ పెళ్ళాలు కాదు, రెండూ వేరే రకం కప్పలు. సాపోలోనూ ఆడవి ఉంటాయి, రానాలోనూ మగవి ఉంటాయి.

గద్ద జాతి పెద్ద పక్షి ఆగిలా మరీ ఘోరం. పదం స్త్రీలింగమే, కానీ మొదటి 'ఆ' మీద ఊనిక పడుతుంది కాబట్టి లా ఆగిలా అనరు, ఎల్ ఆగిలా అంటారు. తెల్లదైతే ఎల్ ఆగిలా బ్లాంకా. బహువచనంలో మళ్ళీ లాస్ ఆగిలాస్. మధ్యలో ఇంకో మాట దూరితే 'లా' తిరిగొచ్చేస్తుంది: లా గ్రాన్ ఆగిలా. తేనెటీగకి వాడే పదం కూడా అ తోనే మొదలవుతుంది, కానీ ఊనిక 'బే' మీద ఉంటుంది కాబట్టి హాయిగా లా అబేహా.